థైరాయిడ్ వెంట బొల్లి, షుగర్ వెంట సీలియాక్: ఆటోఇమ్యూన్ జబ్బులు జట్టుగా ఎందుకొస్తాయి?

థైరాయిడ్ తక్కువైందని ఏళ్ల తరబడి పరగడుపున మాత్ర వేసుకుంటున్న మహిళకు మోచేతి మీద తెల్లమచ్చ కనిపిస్తుంది. చర్మవ్యాధుల డాక్టరు చూసి బొల్లి అంటారు. మరికొన్నాళ్లకు అరికాళ్లలో తిమ్మిర్లు, ఎంత తిన్నా నీరసం. రక్తం పరీక్ష చేయిస్తే బీ12 బాగా తగ్గిందని తేలుతుంది. జనరల్ ఫిజీషియన్ ఇంజెక్షన్లు రాస్తారు. మూడు జబ్బులు, ముగ్గురు డాక్టర్లు, మూడు ఫైళ్లు. ఇంట్లోవాళ్లేమో థైరాయిడ్ మాత్రలు పడక ఇలా అయిందంటారు, లేదంటే గ్రహచారం బాగాలేదంటారు.

మాత్రల తప్పేమీ లేదు. ఈ మూడింటికీ వెనక ఒకే గొడవ ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఒంట్లోని రక్షణ కణాలు సొంత కణాల మీదే దాడికి దిగాయి. ఇలా వచ్చేవాటినే ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. ఆ దాడి మొదట థైరాయిడ్ గ్రంథిలో బయటపడింది, తర్వాత చర్మానికి రంగునిచ్చే కణాల్లో, ఆ తర్వాత తిండిలోని బీ12ను ఒంటికి పట్టించే పదార్థాన్ని తయారుచేసే జీర్ణాశయపు గోడలో. ఆస్పత్రిలో విభాగాలు అవయవాల వారీగా ఉంటాయి కాబట్టి జబ్బుల పేర్లూ అవయవాల వారీగానే పెట్టుకున్నాం. రోగనిరోధక వ్యవస్థకు ఆ హద్దులు లేవు. ఒక ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవారికి రెండోది వచ్చినప్పుడు దాన్ని దురదృష్టంగా కాక, మొదటి జబ్బుకే కొనసాగింపుగా చూడటం మొదలుపెడితే చాలా సంగతులు అర్థమవుతాయి.

ఇదేమీ చెదురుమదురు వ్యవహారం కాదు. బ్రిటన్‌లో సుమారు 2.2 కోట్ల మంది వైద్య రికార్డుల్లో 19 ఆటోఇమ్యూన్ జబ్బుల లెక్క తీసిన అధ్యయనం 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పదిమందిలో ఒకరికి వీటిలో ఏదో ఒకటి ఉంది. స్త్రీలలో సుమారు 13 శాతం, పురుషుల్లో 7 శాతం. ఒకటి ఉన్నవారిలో మరొకటి కనిపించడం యాదృచ్ఛికంగా జరగాల్సినదానికంటే బాగా ఎక్కువ. ముఖ్యంగా ఒంట్లో పలు అవయవాలకు పాకే లూపస్, కళ్లూ నోరూ ఎండబెట్టే షోగ్రెన్, చర్మాన్ని గట్టిపరిచే స్క్లెరోడెర్మా ఒక గుంపుగా, ఇన్సులిన్ మీదే బతకాల్సిన టైప్-1 మధుమేహం, అడ్రినల్ గ్రంథులు పాడయ్యే ఆడిసన్, థైరాయిడ్ మరో గుంపుగా కనిపిస్తాయి. నరాల జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ మాత్రం ఈ జట్లలో పెద్దగా చేరలేదు. ఎందుకు చేరలేదన్నది, మిగతావి ఎందుకు చేరాయన్నంత ముఖ్యమైన ప్రశ్న.

వైద్యుల కంట ఈ జంటలు పడి వందేళ్లయింది. 1926లో జర్మన్ పాథాలజిస్టు మార్టిన్ బెన్నో ష్మిట్ ఇద్దరు రోగుల శవపరీక్షల వివరాలు రాశాడు. ఇద్దరికీ మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు పాడయ్యాయి. ఆ రోజుల్లో అడ్రినల్ దెబ్బతిందంటే క్షయే కారణమనుకునేవారు. వీళ్లిద్దరికీ క్షయ ఆనవాళ్లు లేవు. పైగా థైరాయిడ్ కూడా అదే తీరులో, తెల్లరక్తకణాలు కమ్ముకుని పాడైంది. ఎందుకలా అయిందో అప్పట్లో చెప్పే దారి లేదు. శరీరం తన మీద తానే దాడి చేసుకోగలదని 1956లో గానీ గట్టి రుజువు దొరకలేదు. అమెరికాలో నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ కుందేళ్లకు కుందేళ్ల థైరాయిడ్ పదార్థాన్నే ఎక్కించి వాటి గ్రంథి పాడవడం చూపించారు. అదే ఏడాది లండన్‌లో ఐవన్ రాయిట్, డెబొరా డోనియాక్ బృందం థైరాయిడ్ వాపుతో పాడయ్యే హషిమోటో జబ్బు రోగుల రక్తంలో థైరాయిడ్‌కు వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలను పట్టుకుంది. 1964 నాటికి ష్మిట్ చెప్పిన జంటకు టైప్-1 మధుమేహం కూడా తోడైంది.

థైమస్‌లో దొర్లే తప్పు

రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన థైమస్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. పసితనంలో బాగా పనిచేసి, యుక్తవయసు నుంచి కుంచించుకుపోతుంది. ఎముకమజ్జలో పుట్టిన కణాలు ఇక్కడికొచ్చి టీ కణాలనే తెల్లరక్తకణాలుగా తయారవుతాయి. ఏ టీ కణం ఏ పదార్థాన్ని గుర్తుపట్టాలన్నది ముందే నిర్ణయమై ఉండదు. జన్యు ముక్కలు కలగాపులగంగా అతుక్కుని పదార్థాలను గుర్తుపట్టి పట్టుకునే గ్రాహకాలు లెక్కలేనన్ని రకాలుగా పుట్టుకొస్తాయి. వాటిలో కొన్ని సొంత కణాలనే శత్రువులుగా పట్టుకునే రకాలు. అలాంటివాటిని బయటికి వదలకముందే ఏరివేయాలి. అందుకోసం థైమస్ కణాలు శరీరంలోని ప్రొటీన్ల ముక్కలను వాటి ముందు పెడతాయి. ఏ కణమైతే ఆ ముక్కకు గట్టిగా అతుక్కుంటుందో అది చనిపోతుంది.

ఇక్కడొక చిక్కుంది. ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలో. థైమస్‌లో పెరుగుతున్న టీ కణానికి ఇన్సులిన్ సొంత పదార్థమని తెలిసేదెలా? దీనికి సమాధానం ఒక అరుదైన జబ్బు నుంచి దొరికింది. కొందరు పిల్లలకు చిన్నతనంలోనే నోట్లో, గోళ్లలో కాండిడా ఫంగస్ పట్టి వదలదు. తర్వాత పారాథైరాయిడ్ దెబ్బతిని కాల్షియం పడిపోతుంది, చేతులు కొంకర్లు పోతాయి. ఆపై అడ్రినల్ పాడవుతుంది. కొందరికి వీటితోపాటు జుట్టు ఊడటం, బొల్లి, కాలేయం వాపు, మధుమేహం. ఒకే బిడ్డ మీద ఇన్ని జబ్బులు. ఏపీఎస్-1 అని పిలిచే ఈ వ్యాధి ఫిన్లండ్‌లో సుమారు 25 వేల మందిలో ఒకరికి ఉంటుంది. దీనికి కారణమైన జన్యువు 21వ క్రోమోజోమ్ మీద 1997లో దొరికింది. పేరు ‘ఎయిర్’.

ఈ జన్యువు చేసే పని 2002లో ఎలుకల మీద ప్రయోగాలతో తేలింది. మామూలుగా ఇన్సులిన్ క్లోమంలో, థైరోగ్లోబ్యులిన్ థైరాయిడ్‌లో, ఇలా ఎక్కడివక్కడే తయారయ్యే వేలాది ప్రొటీన్లను థైమస్ కణాలు కొద్దికొద్దిగా తామే తయారుచేసి చూపించేలా ‘ఎయిర్’ చేస్తుంది. ఆ జన్యువు తీసేసిన ఎలుకల్లో చాలా ప్రొటీన్లు థైమస్‌లో కనిపించకుండా పోయాయి. ఏరివేతకు గురికావలసిన కణాలు బయటపడి, ఒకేసారి అనేక అవయవాల మీద పడ్డాయి. అవయవాలు వేరైనా లోపం ఒక్కటే అన్నమాటకు ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం ఈ రంగంలో లేదు.

సాధారణంగా ఏపీఎస్-1 రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పాడైన ప్రతులూ బిడ్డకు అందాలి. మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు ఇంకా జరుగుతున్న తెలుగు కుటుంబాలకు ఈ ముక్క ఊరికే చెప్పేది కాదు. తాతముత్తాతల్లో ఒకరి దగ్గరున్న అరుదైన లోపం రెండు వైపుల నుంచీ వచ్చి ఒకే బిడ్డలో కలిసే అవకాశం దగ్గరి సంబంధాల్లో పెరుగుతుంది. దగ్గరి చుట్టరికం లేకపోయినా, తరతరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు జరగడం వల్ల ఇలాంటి ముప్పు ఉంటుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ తదితరులు 2017లో ప్రచురించిన పరిశోధన దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాలు ఫిన్లండ్ ప్రజలకంటే కూడా తక్కువమంది పూర్వీకుల నుంచి విస్తరించిన జాడలు చూపుతున్నాయని చెప్పింది. ఒక బిడ్డకు రెండు మూడు గ్రంథులు వరుసగా దెబ్బతింటుంటే జన్యు పరీక్ష గురించి ఆలోచించడానికి ఇక్కడ కారణాలు మెండుగా ఉన్నాయి.

ఏపీఎస్-1 అరుదే. కానీ దాని వెనకున్న సూత్రం మామూలు రోగులకూ వర్తిస్తుంది. ఇన్సులిన్ జన్యువు పక్కనే, మళ్లీ మళ్లీ వచ్చే అక్షరాల వరుస ఒకటుంటుంది. కొందరిలో అది పొట్టిది, కొందరిలో పొడవైనది. పొడవైనది ఉన్నవారి థైమస్‌లో ఇన్సులిన్ రెండు మూడు రెట్లు ఎక్కువగా తయారవుతుందని 1997లో తేలింది. వాళ్లకు టైప్-1 మధుమేహం వచ్చే ముప్పు తక్కువ. చిన్నతనంలో థైమస్‌లో ఆ కాస్త ఇన్సులిన్ ఎక్కువ కనిపించడం వల్ల కలిగే రక్షణ అది. థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధిలోనూ ఇలాంటి కథే ఉంది. అక్కడ థైమస్‌లో తక్కువగా కనిపించేది థైరాయిడ్ మీదుండే టీఎస్‌హెచ్ గ్రాహకం.

ఏ అవయవం అన్నది తేల్చే హెచ్‌ఎల్‌ఏ

అవయవ మార్పిడి కోసం దాతను వెతికేటప్పుడు వినిపించే హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద ఉంటాయి. ఆటోఇమ్యూన్ జబ్బుల వారసత్వంలో అన్నిటికంటే పెద్ద వాటా వీటిదే. ఇవి తయారుచేసే ప్రొటీన్ల పైభాగంలో ఒక గాడి ఉంటుంది. కణం ఆ గాడిలో ప్రొటీన్ ముక్కను పెట్టి టీ కణానికి చూపిస్తుంది. గాడి ఆకారాన్ని బట్టి ఏ ముక్కలు అందులో కుదురుతాయన్నది ఉంటుంది. ఏ ముక్క కనిపిస్తే దాని మీదే కదా దాడి.

టైప్-1 మధుమేహానికీ, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బుకూ ఉన్న చుట్టరికం ఈ గాడిలోనే ఉంది. సీలియాక్ రోగుల్లో దాదాపు అందరికీ డీక్యూ2 లేదా డీక్యూ8 అనే హెచ్‌ఎల్‌ఏ రకాలుంటాయి. టైప్-1 మధుమేహానికి ఎక్కువ ముప్పు తెచ్చేవీ అవే రెండు. ఆ ప్రొటీన్ గొలుసులో 57వ స్థానంలో సాధారణంగా ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటుంది. ఈ రెండు రకాల్లో అది లేదు. ఆ ఒక్క అణువు మారడంతో గాడిలోని విద్యుదావేశం మారి, రుణావేశం ఉన్న ముక్కలు చక్కగా ఒదుగుతాయి. పేగులో ఒక ఎంజైము గ్లూటెన్ ముక్కలను సరిగ్గా రుణావేశం వచ్చేలా మారుస్తుంది. టైప్-1 మధుమేహం ఉన్న పిల్లల్లో నూటికి అయిదారుగురికి సీలియాక్ కూడా ఉండటానికి కారణం ఇంత సూక్ష్మమైన చోట దొరికింది. అదే పిల్లల్లో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి థైరాయిడ్ యాంటీబాడీలూ కనిపిస్తాయి.

జన్యువు ఉన్నంత మాత్రాన జబ్బు రాదనడానికి భారతదేశమే పెద్ద ఉదాహరణ. 2016లో వెలువడిన ఒక అధ్యయనం ఉత్తరాది, ఈశాన్యం, దక్షిణాది ప్రజలను పోల్చింది. దక్షిణాదికి ప్రతినిధిగా తీసుకున్నది వెల్లూరు ప్రాంతాన్ని. సీలియాక్‌కు దారితీసే హెచ్‌ఎల్‌ఏ రకాలు ఉత్తరాదిలో సుమారు 38 శాతం మందికి, దక్షిణాదిలో 36 శాతం మందికి ఉన్నాయి. దాదాపు సమానం. జబ్బు తాలూకు యాంటీబాడీలు మాత్రం ఉత్తరాదిలో 1.23 శాతం, దక్షిణాదిలో 0.10 శాతం. తేడా కంచంలో ఉంది. ఉత్తరాదిలో మనిషి సగటున రోజుకు 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాదిలో 25 గ్రాములు. తెలుగు ఇళ్లలో ఇప్పుడు షుగర్ ఉందనగానే రాత్రిపూట అన్నం మాన్పించి చపాతీ పెడుతున్నారు. పెద్దవయసులో వచ్చే టైప్-2 షుగర్‌కు ఆ సలహా ఎలా ఉన్నా, ఇన్సులిన్ మీద బతికే టైప్-1 పిల్లవాడికి అదే చపాతీ పెట్టేముందు సీలియాక్ పరీక్ష జరిగిందో లేదో చూసుకోవడం అవసరం. ఆ పరీక్ష గోధుమ తింటుండగానే చేయించాలి. ముందే మానేస్తే జబ్బున్నా ఫలితం మామూలుగా రావచ్చు.

జబ్బు నిర్ధారణ అయితే మానవలసినవి చపాతీ, పూరీ, మైదా, బొంబాయిరవ్వ, సేమియాతో ఆగవు. దుకాణంలో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలిసి ఉంటుంది. పప్పులో, పులిహోరలో అది తెలియకుండానే చేరిపోతుంది. అన్నం, జొన్నరొట్టె, రాగిసంకటి, బియ్యపురవ్వతో చేసిన ఇడ్లీ ఇంట్లో ఉండగా తిండికి లోటుండదు గానీ, ఇంగువ డబ్బా మీది చిన్న అక్షరాలు చదవక తప్పదు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ ఈ జట్టులో ఎందుకు పెద్దగా చేరదన్న ప్రశ్నకు కూడా హెచ్‌ఎల్‌ఏ కొంత సమాధానం చెబుతుంది. యూరప్ మూలాల వారిలో ఆ జబ్బు ముప్పును పెంచే ముఖ్యమైన రకం డీఆర్15. దానితోపాటు ఒకే ముక్కగా వారసత్వంగా వచ్చే డీక్యూ6 రకం టైప్-1 మధుమేహం నుంచి గట్టి రక్షణ ఇస్తుంది. ఒక జబ్బును పిలిచే ముక్కే మరొకదాన్ని దూరం పెడుతోంది. ఇటలీకి చెందిన సార్డినియా ద్వీపంలో మాత్రం రెండు జబ్బులూ ఎక్కువే. అక్కడ మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు డీఆర్3 కూడా కారణం కావడమే అందుకు దారి. ఊరు మారితే జంటలూ మారతాయి.

సడలిన బ్రేకులు

థైమస్ ఎంత ఏరివేసినా కొన్ని చెడ్డ కణాలు బయటపడతాయి. ఆరోగ్యవంతుల రక్తంలోనూ అవి ఉంటాయి. వాటిని కదలకుండా పట్టి ఉంచే బ్రేకులు వేరే ఉన్నాయి. హెచ్‌ఎల్‌ఏ దాడి ఎటు వెళ్లాలో చెబితే, అసలు దాడి మొదలవుతుందా లేదా అన్నది ఈ బ్రేకుల మీద ఆధారపడుతుంది. ఒకే మనిషికి పలు జబ్బులు రావడంలో వీటి పాత్రే ఎక్కువ. ఎందుకంటే బ్రేకు ఏ ఒక్క అవయవానికీ సంబంధించింది కాదు.

పీటీపీఎన్22 అనే జన్యువులో ఒక్క అక్షరం మారితే ప్రొటీన్‌లో 620వ స్థానంలో ఆర్జినిన్‌కు బదులు ట్రిప్టోఫాన్ చేరుతుంది. టీ కణం లోపలి సంకేతాలను తగ్గించే ప్రొటీన్ ఇది. 2004లో మొదట టైప్-1 మధుమేహంతో, ఆ ఏడాదే కీళ్లవాతంతో దీనికి సంబంధం దొరికింది. తర్వాత లూపస్, గ్రేవ్స్, బొల్లి కూడా జాబితాలో చేరాయి. పేగులను పుండు చేసే క్రోన్స్ వ్యాధిలో మాత్రం ఇదే మార్పు రక్షణనిస్తుంది. మరో సంగతి, యూరప్‌లో బాగా కనిపించే ఈ మార్పు భారతీయుల్లో అరుదు. అక్కడి లెక్కలతో తయారైన జన్యు ముప్పు పరీక్షలను ఇక్కడి రోగికి ఉన్నవున్నట్టు అంటగట్టడం తప్పు. మన వాళ్ల లెక్కలు మన వాళ్ల నుంచే రావాలి.

సీటీఎల్‌ఏ-4 అనే బ్రేకు సంగతి ఇంకా ఆసక్తికరం. టీ కణం రెచ్చిపోవడానికి రెండో సంకేతం ఒకటి కావాలి. సీటీఎల్‌ఏ-4 ఆ సంకేతం అందే చోటును తానే ఆక్రమించి కణాన్ని చల్లబరుస్తుంది. 2014లో, ఈ జన్యువు ఒక ప్రతి పాడైన కుటుంబాల వివరాలు వెలువడ్డాయి. పేగు వాపు, రక్తకణాలు నశించడం, ఊపిరితిత్తుల్లో తెల్లకణాలు పేరుకోవడం, థైరాయిడ్, ఇలా ఒకే ఇంట్లో రకరకాల జబ్బులు. అదే లోపం ఉండి కూడా ఏ జబ్బూ లేకుండా తిరుగుతున్నవారూ ఆ ఇళ్లలోనే ఉన్నారు.

దీనికి మనుషుల మీద జరిగిన ప్రయోగం లాంటి సాక్ష్యం క్యాన్సర్ వార్డుల్లో దొరికింది. క్యాన్సర్ కణాలను చంపడానికి టీ కణాల బ్రేకులు వదిలించే మందులు వచ్చాయి. సీటీఎల్‌ఏ-4ను అడ్డుకునే ఇపిలిముమాబ్‌కు 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత పీడీ-1 అనే మరో బ్రేకును అడ్డుకునేవి వచ్చాయి. ఈ ఆలోచనకు బాట వేసిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ లభించింది. ఎందరికో ప్రాణం పోసిన ఈ మందులే, అంతకుముందు ఏ ఆటోఇమ్యూన్ జబ్బూ లేని వారికి థైరాయిడ్ వాపు, పేగు వాపు, పిట్యూటరీ వాపు, బొల్లి తెచ్చిపెడతాయి. పీడీ-1 మందులు తీసుకున్నవారిలో సుమారు నూటికి ఒకరికి ఉన్నట్టుండి ఇన్సులిన్ మీదే బతకాల్సిన మధుమేహం వస్తుంది. అలా వచ్చినవారిలో డీఆర్4 హెచ్‌ఎల్‌ఏ రకం ఉన్నవారే ఎక్కువని గమనించారు. బ్రేకు అందరికీ ఒకేలా తీశారు. దాడి ఎటు వెళ్లిందన్నది వారి వారి హెచ్‌ఎల్‌ఏను బట్టి నడిచింది.

మూడో బ్రేకు కణాల రూపంలో ఉంటుంది. మిగతా టీ కణాలను అదుపులో పెట్టే నియంత్రక టీ కణాలను జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో గుర్తించారు. వాటిని నడిపే ఫాక్స్‌పీ3 జన్యువును మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ పట్టుకున్నారు. 2025 వైద్య నోబెల్ ఈ ముగ్గురికీ దక్కింది. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అది పాడైన మగబిడ్డలకు పుట్టిన కొద్ది వారాలు, నెలల్లోనే మధుమేహం, ఆగని విరేచనాలు, ఒళ్లంతా ఎగ్జిమా. చికిత్స అందకపోతే బతకడం కష్టం. ఒక్క జన్యువు, ఒక్క రకం కణం, ఇన్ని జబ్బులు.

మామూలు రోగుల్లో ఇంత పెద్ద లోపాలు ఉండవు. చిన్నచిన్న తేడాలు పదులకొద్దీ కలుస్తాయి. 2011లో ఒక పరిశోధక బృందం ఏడు జబ్బులకు ముడిపడిన 107 జన్యు మార్పులను పక్కపక్కన పెట్టి చూస్తే వాటిలో 44 శాతం ఒకటికి మించిన జబ్బులతో సంబంధం ఉన్నవే. మరో విశేషం, ఆటోఇమ్యూన్ జబ్బులకు కారణమయ్యే మార్పుల్లో సుమారు 90 శాతం ప్రొటీన్ తయారీ సూచనల్లో లేవు. ఏ కణంలో, ఎప్పుడు, ఎంత తయారుచేయాలో నిర్ణయించే భాగాల్లో ఉన్నాయి. ఆ భాగాల్లో చాలావరకు పనిచేసేది తెల్లరక్తకణాల్లో. థైరాయిడ్ జబ్బు జన్యువుల కోసం వెతికినా, కీళ్లవాతం జన్యువుల కోసం వెతికినా చివరికి చేరేది తెల్లకణాల దగ్గరికే.

స్త్రీలకు ఈ జబ్బులు ఎక్కువ కావడానికి హార్మోన్లతోపాటు ఎక్స్ క్రోమోజోమ్ కూడా కారణం. స్త్రీ కణాల్లో ఉండే రెండు ఎక్స్‌లలో ఒకటి మూగబోతుంది. కానీ వైరస్‌లను పసిగట్టే టీఎల్‌ఆర్7 లాంటి కొన్ని జన్యువులు పూర్తిగా మూగబోవు. లూపస్ రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలే. అదనపు ఎక్స్‌తో పుట్టిన పురుషుల్లో, అంటే క్లైన్‌ఫెల్టర్ ఉన్నవారిలో, లూపస్ ముప్పు మామూలు పురుషులకంటే సుమారు 14 రెట్లు. ఎక్స్‌ను మూగబోయేలా చేసే అణువుకు అంటుకునే ప్రొటీన్లే యాంటీబాడీలకు లక్ష్యం కావచ్చని 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు.

ఇంతా చెప్పాక, అచ్చం ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి కీళ్లవాతం వస్తే రెండోవారికి వచ్చేది నూటికి పదిహేను మంది దరిదాపుల్లోనే. మిగతాదంతా బతుకులో ఎదురయ్యేవే: ఇన్ఫెక్షన్లు, పొగ, తిండి, పేగుల్లోని సూక్ష్మజీవులు, అదృష్టం. అమెరికా సైనికుల రక్త నమూనాలతో 2022లో వచ్చిన అధ్యయనంలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకిన తర్వాత మల్టిపుల్ స్క్లెరోసిస్ ముప్పు 32 రెట్లు పెరిగింది. అయితే ఆ వైరస్ పెద్దవాళ్లలో దాదాపు అందరికీ సోకినదే. జబ్బు వచ్చేది మాత్రం కొద్దిమందికే.

ఉమ్మడి మూలం అంటే ఒకే మందు కాదు

మూలం ఒకటైతే మందూ ఒకటేనా? కొంతవరకు అవును. జాక్ అనే ఎంజైములను అడ్డుకునే మందులు ఆటోఇమ్యూన్ జబ్బుల్లో కీళ్లవాతంతో మొదలై ఇప్పుడు పేనుకొరుకుడుకు, బొల్లికి కూడా వాడుతున్నారు. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గియోర్గ్ షెట్ బృందం రోగి టీ కణాలనే మార్చి ఎక్కించే, క్యాన్సర్ కోసం పుట్టిన కార్-టీ చికిత్సతో, యాంటీబాడీల తయారీకి మూలమైన బీ కణాలను తుడిచిపెట్టి, లూపస్, కండరాల వాపు, స్క్లెరోడెర్మా మూడింట్లోనూ రోగులు మందులు ఆపి కోలుకున్నారని 2024లో ప్రకటించింది. పదిహేనుమంది రోగులే అయినా, మూడు పేర్ల జబ్బులకు ఒకే చికిత్స పనిచేయడం చిన్న విషయం కాదు.

ఇక్కడే తొందరపాటు పనికిరాదు. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు, క్రోన్స్‌కు మేలుచేసే టీఎన్‌ఎఫ్ నిరోధకాలు, అంటే వాపును రగిలించే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే మందులు, మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను ముదరబెడతాయి. ఆ జబ్బు ముప్పు పెంచే ఒక జన్యు మార్పు టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులాగే పనిచేస్తుందని 2012లో తేలింది. ముందే జన్యువులను అడిగి ఉంటే ఆ రోగులకు ఆ ఇబ్బంది తప్పేది. ఐఎల్-17 అనే మరో వాపు ప్రొటీన్‌ను అడ్డుకుని సోరియాసిస్‌ను అద్భుతంగా తగ్గించే మందులు క్రోన్స్‌లో పనిచేయకపోగా కొందరికి చెడు చేశాయి. రెండు జబ్బులూ ఒకే మనిషికి ఉంటే మందు ఎంచుకునే ముందు ఈ వివరం డాక్టరు చేతిలో ఉండాలి.

టైక్2 జన్యువు ఇచ్చే హెచ్చరిక మన దేశానికి ఇంకా దగ్గరిది. అందులోని ఒక మార్పు రెండు ప్రతుల్లోనూ ఉన్నవారికి పలు ఆటోఇమ్యూన్ జబ్బుల నుంచి రక్షణ ఉంటుంది. ఆ ఆధారంతో తయారైన డ్యూక్రావసిటినిబ్‌కు 2022లో సోరియాసిస్ చికిత్సకు అనుమతి వచ్చింది. కానీ అదే మార్పు రెండు ప్రతులూ ఉన్నవారికి క్షయ ముప్పు ఎక్కువ. యూరప్‌లో గత రెండువేల ఏళ్లలో ఆ మార్పు తగ్గుతూ వచ్చిందని పాత ఎముకల్లోని జన్యు పదార్థం చెబుతోంది. ఈ జన్యువులు మనలో మిగిలింది క్షయ లాంటి వాటిని తట్టుకోవడానికి. అందుకే బ్రేకులు బిగించే ఏ మందు మొదలుపెట్టినా ముందు దాగి ఉన్న క్షయ కోసం పరీక్ష చేయడం ఇక్కడ తప్పనిసరి.

ఆస్పత్రి గదిలో ఇదంతా ఎక్కడ అక్కరకొస్తుంది? అన్నిటికంటే ముఖ్యమైనది ఆడిసన్ విషయంలో. థైరాయిడ్ తక్కువైన మనిషికి అడ్రినల్ కూడా దెబ్బతిని ఉండి, అది తెలియక థైరాయిడ్ మాత్ర ఒక్కటే మొదలుపెడితే, మాత్ర ప్రభావంతో ఒంట్లో మిగిలిన కాస్త కార్టిసాల్ (అడ్రినల్ తయారుచేసే హార్మోన్) త్వరగా ఖర్చయిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడటం, ఉప్పు మీద యావ, లేవగానే కళ్లు తిరగడం, తగ్గిపోతున్న బరువు కనిపిస్తే ముందు కార్టిసాల్ చూడాలి, అవసరమైతే స్టెరాయిడ్ ఇచ్చాకే థైరాయిడ్ మాత్ర. టైప్-1 పిల్లవాడికి కారణం లేకుండా షుగర్ తరచూ పడిపోతున్నా, ఇన్సులిన్ అవసరం తగ్గుతూ వస్తున్నా సంబరపడకూడదు. ఆడిసన్ గానీ సీలియాక్ గానీ కావచ్చు. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా రక్తం పట్టని థైరాయిడ్ రోగిలో జీర్ణాశయాన్నీ పేగునూ అనుమానించాలి.

అలాగని అందరికీ అన్ని యాంటీబాడీ పరీక్షలూ చేయించమని దీని అర్థం కాదు. లూపస్ కోసం చేసే ఏఎన్‌ఏ పరీక్ష తక్కువ మోతాదులో ఆరోగ్యవంతుల్లో కూడా చాలామందికి పాజిటివ్‌గా వస్తుంది. లక్షణం లేకుండా ప్యాకేజీ పరీక్షలు చేయించుకుని ఆ కాగితం పట్టుకుని బెంగపడేవాళ్లు ఇప్పటికే ఎక్కువయ్యారు. టైప్-1 మధుమేహం బయటపడిన పిల్లలకు మొదట్లోనూ, తర్వాత మధ్యమధ్యలోనూ థైరాయిడ్, సీలియాక్ పరీక్షలు చేయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది అర్థవంతమైన వెతుకులాట.

దీనికి ఖర్చు కాని పరీక్ష ఒకటుంది. కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు సాధారణంగా రాసుకునేది "ఇంట్లో బీపీ, షుగర్ ఉన్నాయా" అన్నంతవరకే. తాతకు అరవయ్యో ఏట వచ్చిన షుగరూ, మేనత్త కూతురికి ఎనిమిదో ఏట వచ్చి ఇన్సులిన్ మీద నడుస్తున్న షుగరూ ఆ కాగితంలో ఒకే పదంగా మిగులుతాయి. అమ్మ థైరాయిడ్, పిన్ని బొల్లి, అక్క కీళ్లవాతం అసలు కాగితం ఎక్కవు. పెళ్లి సంబంధాలకు అడ్డొస్తుందని బొల్లిని దాచిపెట్టే ఇళ్లలో అది డాక్టరు చెవిన కూడా పడదు. ఏ షుగర్, ఏ వయసులో, తల్లి వైపా తండ్రి వైపా అన్న నాలుగు మాటలు అదనంగా రాసుకుంటే, తర్వాత ఏ పరీక్ష చేయించాలో ఏది అక్కర్లేదో అక్కడే సగం తేలిపోతుంది.